ప్రార్థన మనవిలో మా అల్లుడు

మా చర్చి వన్ టౌన్‌లో ఉంది. ఆదివారం ఉదయం రెండో గంట కొట్టేసరికి గేటు ముందు స్కూటర్లు వరసగా ఆగుతాయి. వెనక సీట్ల మీంచి ఆడవాళ్లు దిగుతారు. కుచ్చిళ్లు సవరించుకుని, కొంగు తల మీదికి లాక్కుని లోపలికి నడుస్తారు. స్కూటర్లు మాత్రం ఇంజను ఆపకుండానే రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న టీ దుకాణం ముందు స్టాండు వేసుకుంటాయి. ఆరాధన అయ్యేదాకా మగవాళ్లు అక్కడే. చివరి ఆశీర్వాదం వినబడగానే స్కూటర్లు మళ్లీ గేటు ముందుకు వస్తాయి. ఈ రాకపోకల్లో ఒక్క నిమిషం కూడా తేడా ఉండదు.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మనుషులు ఒకచోట చేరితే లెక్కపెట్టడం నా అలవాటు. ఎవరైనా "సుమారు రెండొందల మంది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. కొత్త పాస్టరు అయ్యగారు మా సంఘానికి బదిలీ అయి వచ్చిన మొదటి ఆదివారం ఆ మాటే అన్నారు. ఆరాధన అయ్యాక వెళ్లి చెప్పాను. ఆడవాళ్ల వైపు నూట పన్నెండు మంది, మగవాళ్ల వైపు ముప్పై ఒక్కరు. ఆ ముప్పై ఒక్కరిలో పదకొండు మంది చిన్నపిల్లలు, తొమ్మిది మంది కర్ర లేకుండా నడవలేనివాళ్లు. మిగిలిన పదకొండు మందిలో ఎనిమిది మంది సంఘ పెద్దలే, వాళ్లు రాక తప్పదు.

అయ్యగారు గోదావరి వైపు నుంచి వచ్చిన కుర్రాడు. నాకు కొడుకు వయసు. "అంటే సంపాదించే వయసులో ఉండి, తనంతట తానుగా వచ్చిన మగవాళ్లు ముగ్గురేనా అమ్మా?" అని అడిగారు.

"ఇద్దరే అయ్యగారూ. మూడో ఆయన మైకు సెట్టు అబ్బాయి. ఆయనకు జీతం ఇస్తున్నాం."

ఆ రోజే పురుషుల సహవాసం అని ఒక కమిటీ పుట్టింది. మగవాళ్లను ఆరాధనకు రప్పించడమే దాని పని. కమిటీలో వేసిన సంఘ పెద్దలు మొదటి మీటింగుకు ఇద్దరు, రెండో మీటింగుకు ఒకరు వచ్చారు. మూడోదానికి ఎవరూ రాలేదు. "లెక్క చూడడానికైనా మీరు ఉండండమ్మా" అన్నారు అయ్యగారు. అలా మగవాళ్ల కమిటీలో చివరికి నిలకడగా మిగిలింది నేను ఒక్కదాన్నే.

మేం చేయని ప్రయత్నం లేదు. ముందు ఆదివారం టిఫిన్ పెట్టాం. ఇడ్లీ, వడ, ఉప్మా. మగవాళ్లు వచ్చారు, కడుపునిండా తిన్నారు, బల్లలు కూడా తుడిచి మడిచి పెట్టారు. లోపల పాట మొదలవగానే టీ కోసం రోడ్డు దాటారు. తర్వాత బీచిలో వేరే సంఘం వాళ్లతో క్రికెట్ పెట్టాం. మొదటి ఆటకు రెండు జట్లకు సరిపడా వచ్చారు. టాస్ వేసే ముందు అయ్యగారు కెప్టెన్లిద్దరినీ పైకి ప్రార్థన చేయమన్నారు. రెండో ఆటకు కెప్టెన్లు రాలేదు. ఆ తర్వాత రుషికొండ వైపు కంప్యూటర్ ఉద్యోగం చేసే ఒక యువకుడిని పిలిచి, కుటుంబంలో పురుషుడు సింహంలా ఉండాలని ప్రసంగం పెట్టించాం. గేటుకు పెద్ద సింహం బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. ఆ పై వారం టీ దుకాణం దగ్గర ఒకర్నొకరు సింహం అనే పిలుచుకున్నారట. "ఒరే బావా, సింహం పంచదార లేకుండా తాగుతాదేటి?" అని.

ఇవన్నీ చూస్తూ నేను గమనించిన సంగతి ఒకటి ఉంది. ఈ మగవాళ్లు చర్చికి రానివాళ్లు కారు. క్రిస్మస్ స్టారు గోపురం మీదికి ఎక్కించేది వాళ్లే. షామియానా వేసేది, జనరేటర్ నడిపేది, బిర్యానీ డేగిశా దించేది వాళ్లే. తుఫాను వచ్చి రేకులు లేచిపోతే ఎవరూ పిలవకుండానే వచ్చి మేకులు కొట్టారు. చర్చి ఆవరణలో వాళ్లు అడుగు పెట్టని చోటంటూ లేదు, ఆరాధన జరిగే గది తప్ప. ఆ గదిలో ఏదో ఉంది. అదేమిటో తెలియకుండా మేం గేటు బయట ఇడ్లీలు పెడుతున్నాం.

టీ దుకాణం దగ్గర కూర్చునేవాళ్లలో మా అల్లుడు కూడా ఉన్నాడు.

మా అల్లుడు పోర్టులో క్రేను నడుపుతాడు. మా ఇంటి మేడ మీద వాటాలోనే అమ్మాయి, అతను ఉంటారు. అప్పటికి పాపకు తొమ్మిది నెలలు నిండాయి, బాప్తిస్మం కాలేదు. మా సంఘంలో బిడ్డను తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి ముందుకు తేవాలి. అయ్యగారు అడిగే ప్రశ్నలకు ఇద్దరూ నిలబడి జవాబు చెప్పాలి. తండ్రి పోతేనో, ఓడ మీద ఎక్కడో దూరాన ఉంటేనో తప్ప తల్లి ఒక్కతే రాదు. మా అల్లుడు బతికే ఉన్నాడు, రోడ్డుకు అవతలే ఉన్నాడు.

"గేటు దాకా నాను తెస్తాను. లోపలికి నువ్వు, మీ యమ్మ ఎత్తుకెళ్లండి" అన్నాడు అమ్మాయితో.

"పాపకి నాన్న లేడని అందరికీ చెప్పనా?"

"ఉన్నాడని సెప్పు. బయట ఉన్నాడని సెప్పు."

ఒకసారి వేసిన తారీఖు అలా తప్పిపోయింది. మళ్లీ ఈస్టర్ తర్వాతి ఆదివారం అనుకున్నారు. అమ్మాయి నా దగ్గరికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. "ఈసారి కూడా ఆయన లోపలికి రాకపోతే పాపకి బాప్తిస్మం వద్దు. నేనూ ఇంక చర్చికి రాను. ప్రతి ఆదివారం ఒక్కదాన్నే లోపలికి పోయి, ఒక్కదాన్నే బయటికి రావడం నా వల్ల కాదమ్మా" అంది. బెదిరించడానికి అన్న మాట కాదు. మా అమ్మాయి గొంతు పెంచితే నాకు భయం లేదు. ఆ రోజు చాలా నెమ్మదిగా చెప్పింది.

ఆ పై వారమే అయ్యగారు నాతో, "అమ్మా, మీరు పెద్దవారు. ఒకసారి టీ దుకాణానికి వెళ్లి, ఎందుకు రారో వాళ్లనే అడగండి" అన్నారు. అంతవరకూ ఆ పని ఎవరూ చేయలేదని నాకు అప్పుడు తట్టింది.

ఆదివారం మొదటి పాట అవగానే కొంగు భుజం మీదికి దించుకుని రోడ్డు దాటాను. దుకాణం నడిపే సాయిబుగారు ఆ వీధిలో పుట్టి పెరిగిన మనిషి. ఆయన పిల్లలిద్దరూ నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే. "రండి టీచరమ్మా, కూకోండి" అంటూ బల్ల తుడిచారు. సిగరెట్లు ఎటు పోయాయో తెలియదు. అందరూ లేచి నిలబడ్డారు. మా అల్లుడు గ్లాసు పట్టుకుని స్తంభం పక్కకు జరిగాడు.

"కూర్చోండి, నేనూ టీ తాగడానికే వచ్చాను" అన్నాను. ఒక్కరూ నమ్మలేదు.

అడగాలనుకున్నది అడగకుండానే నాకు జవాబు వచ్చింది. చర్చి వరండా మీద క్రిస్మస్‌కు కట్టిన స్పీకరు ఒకటి ఉంది. ఆవరణలో కూర్చున్న జనానికి వినబడాలని రోడ్డు వైపు తిప్పి పెట్టారు, మళ్లీ ఎవరూ విప్పలేదు. లోపల ఏం మాట్లాడినా టీ దుకాణంలో శుభ్రంగా వినబడుతోంది. పాటలయ్యాయి. తర్వాత ప్రార్థన మనవులు. అంటే, ఎవరి కష్టం వాళ్లు చీటీ మీద రాసి ఇస్తే అయ్యగారు చదువుతారు, సంఘమంతా వాళ్ల కోసం ప్రార్థిస్తుంది. చీటీలు ఇచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. పేర్లు చదవకూడదని మా సంఘంలో పాత నియమం ఉంది. కాబట్టి పేరు చదవరు. పేరు తప్ప అన్నీ చదువుతారు.

"చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తున్న భర్త చేసిన అప్పుల నిమిత్తం ఒక సహోదరి…"

"ఇది నీదే బావా" అని ఒకాయన పక్కాయన డొక్కలో పొడిచాడు.

"ఎవలిదైతే నీకేటి? తీర్సీవోడివేటి?"

"లారీ మెకానిక్కుగా ఉన్న తన భర్త మొలల వ్యాధితో బాధపడుచుండగా…"

"వచ్చీసింది! వచ్చీసింది!" అని నవ్వులు. నల్లటి వేళ్ల మనిషి ఒకాయన తల దించుకుని, "నాలుగో వారమండి టీచరమ్మా. ఊరూరా తెలిసిపోనాది. నిన్న బండి తెచ్చినోడు కూడా కుర్సీ ఏసి, కింద దిండెట్టాడు" అన్నాడు.

"తగ్గిందా?" అని అడిగాను. ఏం అడగాలో తోచక.

"తగ్గితే దేవుడే తగ్గించాడని ఆవిడ మైకులో సాక్ష్యం సెప్తానంటంది. అందుకే తగ్గనేదని సెప్తన్నాను."

నేనూ నవ్వాను. ఇంతలో స్పీకర్లో అయ్యగారి గొంతు: "పోర్టులో క్రేను నడుపుచున్న ఒక సహోదరుడు మద్యపానము విడిచి రెండు సంవత్సరములైనది. ఆయన మరల ఆ ఊబిలో పడిపోకుండునట్లు ప్రార్థించుదము."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఎవరి డొక్కలో పొడవలేదు. అప్పుల మీద, మొలల మీద పరాచికాలాడిన మనుషులు ఒక్కసారిగా తమ గ్లాసుల్లోకి చూడడం మొదలుపెట్టారు. "ఇంకో రౌండు పొయ్యండి భాయ్" అన్నాడు ఒకాయన, ఏదో ఒకటి అనాలని. మా అల్లుడు సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి, పోర్టు గోడ వెంట నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం పెరట్లో కుళాయి దగ్గర చేపలు తోముతున్నాడు. నేను పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. మా అల్లుడు చేతిలో పని లేకపోతే మాట్లాడడు. పని ఉంటే, ఎదుటి మనిషి ఓపిక పడితే, మాట్లాడతాడు.

"టీ వదిలేసి వెళ్లిపోయావేం బాబూ?"

"సల్లారిపోనాది అత్తయ్యా."

ఒక చేప అయింది. రెండోది చేతిలోకి తీసుకున్నాడు.

"నాను డ్యూటీకి ఎప్పుడూ తాగి ఎళ్లనేదు. రోడ్డు మీద పడిపోనేదు. ఇంట్లో తాగినాను, ఇంట్లోనే మానీసినాను. మా గ్యాంగులో ఒక్కడికి తెలీదు. మైకులోకి ఎలగొచ్చింది?"

"నీ మంచి కోసమే కదా ప్రార్థన చేశారు."

"తప్పని నాననలేదు. సేసుకోమనండి. దేవుడికి సెప్పుకోమనండి. మైకుకెందుకు?"

మూడో చేప చేతిలోకి తీసుకున్నాడు.

"మానీసి రెండేళ్లైనాది. ఇంకా పడిపోతాడేమో, పడిపోతాడేమో అంటన్నారు. నాను గుమ్మంలో కాలెడితే అందరూ నా మొకం సూడరు అత్తయ్యా. కాళ్లు సూత్తారు, తడబడతన్నాయా అని. లోపలున్న ఆడోళ్లకి మేం మనుషులం కాం. ప్రార్థన మనవులం."

కత్తి కడిగి, చేప ముక్కలు గిన్నెలో వేసి లోపలికి వెళ్లాడు.

మొదట చీటీ ఇచ్చింది మా అమ్మాయే. పెళ్లయిన కొత్తలో, నాతో కూడా చెప్పుకోలేక ఇచ్చింది. మానేశాక కృతజ్ఞతగా ఇంకో చీటీ ఇచ్చింది. ఆ తర్వాత "పడిపోకుండా" అన్నది స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ జాలిపడి చేర్పించింది. ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ ఎవరికి తోచిన మంచి వాళ్లు చేసుకుంటూ పోతే, మధ్యలో ఒక మనిషి రెండేళ్లుగా అంచు మీదే నిలబడి ఉన్నాడు. మేం మగవాళ్లకు చర్చి మీద ఇష్టం కలిగించడం ఎలాగని ఆలోచించాం. వాళ్లు లోపలికి వస్తే ఏ ముఖంతో కూర్చోవాలో ఆలోచించలేదు.

బుధవారం స్త్రీల సమాజంలో ఈ సంగతి ఎత్తాను. భర్తల విషయాలు ఆదివారం మైకులో చదవడం మానేద్దామన్నాను. నేను అనుకున్నంత సులువుగా సాగలేదు.

"అలగైతే దేవుడికి ఎలగ తెలుస్తాది?" అంది పెద్దావిడ.

"స్పీకరు లేని రోజుల్లో ఎలా తెలిసిందో అలాగే, పిన్నిగారూ."

"ఆల్లొచ్చి సెప్పుకోరు కదమ్మా. మొగోడు నోరిప్పి నాకు ఫలానా బాధని సెప్తాడేటి?"

"చెప్పకపోతే మాననివ్వండి. అది ఆయన ఇష్టం."

అప్పుడు వెనక వరసలోంచి ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే ఆమె లేచింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "టీచరమ్మా, మా ఆయన నన్ను కొడతాడని అయ్యగారికి సీటీ ఇచ్చింది నానే. మైకులో సదివిన తర్వాత నెల రోజులు ఆడు సెయ్యి లేపనేదు. భక్తితో కాదు, టీ కొట్టు కాడ సిగ్గుతో. ఆ సిగ్గు కూడా తీసెత్తే నాకేటి మిగుల్తాది?"

"ఒక వారం ఆగుదాం" అని మాత్రం అన్నాను.

ఆ వారమంతా ఆమె మాటే మనసులో తిరిగింది. మా అల్లుడు చెప్పిందీ నిజమే, ఆమె చెప్పిందీ నిజమే. రెండు నిజాలు ఎదురెదురుగా నిలబడితే ఒకదాన్ని కొట్టేసి రెండోదాన్ని ఉంచడం తేలిక. అలా చేయడం నాకు నచ్చదు. చీటీలన్నీ ఒకటే రకం కావని ఆలోచిస్తూ ఉంటే తెలిసింది. ఆ తేడా దగ్గరే ఇద్దరికీ చోటుంది.

మళ్లీ బుధవారం లేచి ఆమె వైపే చూస్తూ చెప్పాను. "ఎవరికి జరిగిందో వాళ్లదే మనవి. దెబ్బ తిన్నది నువ్వు. అది నీ మనవి, దాన్ని ఎవరూ తీసెయ్యడానికి లేదు. కానీ మనం చదివి ఊరుకోకూడదు. ఈసారి అలా జరిగితే అయ్యగారి భార్య, నేను, ఇంకో ఇద్దరం మీ ఇంటికి వస్తాం. ఆయన ముందే కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. అవసరమైతే పోలీస్ స్టేషనుకు కూడా వస్తాం." తర్వాత మెకానిక్కు భార్య వైపు తిరిగి, "నీ సంగతి వేరమ్మా. మొలలు ఆయనవి" అన్నాను.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గదంతా నవ్వులే. మెకానిక్కు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాను కూకోలేనమ్మా ఇంక, ఊరుకోండి" అంది. ఆయా కూడా నవ్వింది. ఆమె ఇంటికి మేం రెండుసార్లు వెళ్లాం. రెండోసారి ఆయన మాకు టీ పెట్టించాడు, మేం తాగలేదు. ఆ కథ ఇంకా పూర్తి కాలేదు, అందుకే ఇంతకంటే రాయను.

అయ్యగారిని ఒప్పించడం ఇంకో పని. "అయితే పురుషుల కోసం ఏం ప్రోగ్రాం పెడదామమ్మా?" అని అడిగారు.

"ఏమీ వద్దు అయ్యగారూ. కొన్నాళ్లు ఊరికే రానివ్వండి. వచ్చినవాళ్లను ముందుకు పిలవకండి. సాక్ష్యం అడగకండి. పైకి ప్రార్థన చేయమనకండి. వచ్చాడని ఆనందపడిపోయి చప్పట్లు కొట్టించకండి."

"మరి వచ్చి ఏం చేస్తారు?"

"ఆడవాళ్లం ఏం చేస్తున్నాం? కూర్చుంటున్నాం."

ఆయన నవ్వారు గానీ, తృప్తి పడలేదని ముఖంలో తెలిసింది. స్పీకరు మాత్రం లోపలి వైపు తిప్పించడానికి ఒప్పుకోలేదు, నేనూ పట్టుబట్టలేదు. వినేవాళ్లను విననివ్వాలి గదా.

ఆ ఆదివారం మనవులు పొట్టిగా అయిపోయాయి. మోకాళ్ల నొప్పులు, పిల్లల పరీక్షలు, ఒకరి వీసా. టీ దుకాణంలో మగవాళ్లు చివరిదాకా చెవులు రిక్కించి, "ఈయేళ మనోళ్లెవలికీ బ్యాటింగ్ రానేదేటి?" అన్నారని సాయిబుగారు తర్వాత నాకు చెప్పారు. ఎవరూ లోపలికి రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు.

ఇంట్లో నేను అల్లుడికి ఏమీ చెప్పలేదు. అమ్మాయి మాత్రం నా మీద కోపం చేసింది. "నేను ఏడ్చి ప్రార్థన చేయించుకుంటేనే కదమ్మా ఆయన మానింది? ఇప్పుడు అది తప్పయిపోయిందా?" అంది.

"తప్పని ఎవరన్నారు? నువ్వు ఏడ్చింది నీ సంగతి. ఆయన మానింది ఆయన సంగతి. రెండూ నీ చీటీలోనే ఉండాలంటే ఎలా?"

ఆ రాత్రి మేడ మీద వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలియనిది ఊహించి రాయడం నాకు ఇష్టం లేదు.

ఈస్టర్ వెళ్లింది. అనుకున్న ఆదివారం వచ్చింది. నేను ముందే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. రెండో గంటకు స్కూటరు ఆగింది. అమ్మాయి తెల్ల గౌనులో పాపను ఎత్తుకుని దిగింది. మా అల్లుడు ఇంజను ఆపలేదు. ఎప్పటిలాగే రోడ్డు దాటి టీ దుకాణం ముందు స్టాండు వేశాడు.

లోపల మొదటి పాట మొదలైంది. అమ్మాయి గేటు దగ్గరే నిలబడిపోయింది. లోపలికి వెళ్లదు, వెనక్కి తిరగదు. నేను ఒక మాట అంటే ఏడ్చేస్తుంది, అందుకని పాప కాళ్లకు మేజోళ్లు సర్దుతూ ఉన్నాను. పాట మొదటి చరణం అయింది. రెండోది అయింది.

రోడ్డు అవతల సాయిబుగారు అప్పుడే కడిగిన గ్లాసు మా అల్లుడి ముందుంచి టీ పోయబోయారు. మా అల్లుడు గ్లాసు బోర్లించాడు. మెకానిక్కు ఏదో అన్నాడు. తర్వాత తెలిసింది, "ఎళ్లు బావా, నీ టీ కూడా నాను తాగెత్తాను" అన్నాడట. మా అల్లుడు ఆటోలు ఆగేదాకా చూసి రోడ్డు దాటి వచ్చాడు. చెప్పులు విప్పాడు. అమ్మాయి చేతుల్లోంచి పాపను తీసుకుని, లోపలికి నడిచాడు. అమ్మాయి వెనక, నేను వాళ్ల వెనక.

తలలు తిరిగాయి. తిరుగుతాయి, మనుషులం కదా. స్త్రీల సమాజం పెద్దావిడ రెండు చేతులూ పైకెత్తి "స్తోత్ర…" అని లేవబోయింది. పక్కనున్న ఆయా ఆమె చీర చెంగు పట్టి లాగింది. "కూకో పిన్నీ. పాట అవ్వనేదు."

అయ్యగారు ప్రశ్నలు అడిగారు. మా అల్లుడి దగ్గర పుస్తకం లేదు. అమ్మాయి తన పుస్తకంలో వేలితో చూపించింది, అతను ఒక మాట ఆలస్యంగా చదివాడు. పాప తల మీద నీళ్లు పడగానే కెవ్వుమంది, అయ్యగారి కళ్లజోడు పట్టుకుని లాగింది. అంతా సవ్యంగా అయిపోయిందనుకునేసరికి అయ్యగారికి పాత అలవాటు పైకి వచ్చింది. మైకు మా అల్లుడి నోటి ముందు పెట్టి, "తండ్రిగారు ఈ సమయంలో సంఘానికి ఒక మాట…" అన్నారు.

అమ్మాయి నా వైపు చూసింది.

మా అల్లుడు మైకును చూశాడు, అయ్యగారిని చూశాడు. "ఏటీ లేదండి. పాపకి సలేస్తంది" అన్నాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి పాప తల తుడుచుకుంటూ వెనక్కి నడిచాడు. జనం నవ్వారు. అది కాళ్లు చూసే నవ్వు కాదు.

మా చర్చిలో చంటిపిల్లలు తల్లితో ఆడవాళ్ల వైపే కూర్చుంటారు. పాపను అందుకోవడానికి అమ్మాయి చేతులు చాచింది. అతను ఇవ్వలేదు. పాపతో సహా మగవాళ్ల వైపు చివరి వరసలో కూర్చున్నాడు. ప్రసంగం మధ్యలో పాప ఏడుపందుకుంది. కర్రలు పట్టుకుని నడిచే ముసలివాళ్లు ముగ్గురు వెనక్కి తిరిగి, ఒకాయన తాళాల గుత్తి, ఒకాయన కళ్లజోడు, ఒకాయన చేతి గడియారం అందించారు. ఆ రోజు ప్రసంగం ఎవరు ఎంత విన్నారో నాకు తెలియదు. మగవాళ్ల వైపు లెక్కపెట్టేటప్పుడు పాపను కలపాలా వద్దా అని నేను కొంచెంసేపు తటపటాయించాను. కలిపాను.

ఇది జరిగి ఏడాది దాటింది. టీ దుకాణం ముందు ఇప్పటికీ స్కూటర్లు ఉంటాయి, ఒకటి రెండు తగ్గాయంతే. అయ్యగారు పై వాళ్లకు పంపే నివేదికలో "పురుషుల సహవాసం ద్వారా మంచి మార్పు" అని రాయబోతే నేను కొట్టేయమన్నాను. అయ్యగారు రాయదలచుకున్న మార్పు మగవాళ్లది. మారింది మేం చదివే చీటీలు. ఎక్కువ మంది రావడం, రాకపోవడం వాళ్ల చేతుల్లో ఉంది. లోపల వాళ్లకు మామూలు మనిషిగా కూర్చునే చోటు ఉంచడం మా చేతుల్లో ఉంది. మొదటిదాని కోసం కమిటీలు వేశాం, రెండోదానికి రెండు బుధవారాలు చాలాయి.

బాప్తిస్మం రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర పాప నిద్రపోయింది. మేం ముగ్గురమే ఉన్నాం. అమ్మాయి అన్నం వడ్డిస్తూ, ముఖం ఎత్తకుండా, "వచ్చే ఆదివారం డ్యూటీ ఏంటి?" అని అడిగింది.

"బీ షిఫ్టు" అన్నాడు అల్లుడు.

బీ షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. ఆరాధన పదకొండున్నరకల్లా అయిపోతుంది. ఆ లెక్క మా ముగ్గురికీ వచ్చు. ఎవరూ పైకి అనలేదు. అమ్మాయి అతని పళ్లెంలో ఇంకో గరిటెడు పులుసు వేసింది.